వట్టివేళ్ళ తడక నుండి వాతానుకూలన యంత్రము వరకు

వైశాఖము ప్రవేశించగానే గద్వాల, వనపర్తి, నాగర్ కర్నూలు పట్టణములలోని బట్టల దుకాణములలో, బ్యాంకులలో, ఆసుపత్రులలో, పెండ్లి మండపములలో ఒకే హోరు వినబడుతుంది. అది శీతల యంత్రముల హోరు. ఎండ 42 డిగ్రీలు దాటిన రోజుననే వాటిలో ఏదో ఒకటి ఆగిపోవడము కూడ పరిపాటి. నాకు తెలిసిన ఒక దుకాణదారునికి నడి మే నెలలో, పెండ్లిండ్ల బేరము జోరుగా ఉన్న సమయములో, ఇట్టి కష్టమే వచ్చినది. చల్లదనము లేనిచోట కొనేవారు నిలవరు గదా! ఆయన తొందరలో దొరికిన యంత్రమును, పాతదానికంటె పెద్దదానిని, చెప్పిన ధరకే కొని బిగించినాడు. కరెంటు బిల్లు పెరిగినది. పై అంతస్తులో ఉక్క మాత్రము తగ్గలేదు. యంత్రములో లోపమేమియు లేదు. స్లాబు మీద పడే ఎండ ఎంత వేడిని లోపలికి దింపుతున్నదో ఎవరును లెక్క వేయలేదు, అంతే.

పాత శీతల యంత్రమును మార్చవలసి వచ్చినపుడు ముందుగా ఆలోచించవలసినది ఏమిటి? చలిదేశములలోని భవనములకు వేడినిచ్చే ఏర్పాటు కూడ కావలెను. మనకు కావలసినది చల్లదనమే. మనుష్యుడు చల్లదనమునకై ఒక సాధనమును విడిచి మరొక సాధనమును చేపట్టిన చరిత్రను పరిశీలించితే, ఈ ప్రశ్నకు సమాధానము అందులోనే దొరుకుతుంది.

వేడిని రానీయకుండుట

పాలమూరు పల్లెలలో నేటికిని అక్కడక్కడ మట్టిమిద్దెలు కనబడుతవి. దూలముల మీద కట్టెలు పరచి, వాటిపై మందముగా మట్టి పోసిన కప్పు అది. పగటి ఎండకు పైపొర కాగినను, ఆ వేడి మట్టిని దాటి లోపలికి దిగేసరికి పొద్దు వాలుతుంది. సోమనాద్రి కట్టించిన గద్వాల కోటలోను, వనపర్తి, కొల్లాపురము సంస్థానాధీశుల రాజభవనములలోను మందమైన గోడలు, ఎత్తైన కప్పులు, వరండాలు చేసిన పని ఇదే. వనపర్తి రాజభవనములో 1959 నుండి పాలిటెక్నిక్ కళాశాల నడుస్తున్నది. యంత్రశాస్త్రము నేర్చుకొనే విద్యార్థులకు ఆ గోడలే ఒక పాఠము.

ఇంతటితో చాలని ఎండలకు వట్టివేళ్ళ తడకలు ఉండేవి. వాకిళ్ళకు, కిటికీలకు వాటిని కట్టి నీళ్ళు చల్లితే, వాటిగుండా వచ్చే గాలి చల్లబడి, సువాసనతో లోపలికి వచ్చేది. ఒక కిలోగ్రాము నీరు ఆవిరి అగుటకు సుమారు 2,400 కిలోజౌళ్ళ ఉష్ణము కావలెను. ఆ ఉష్ణమును నీరు గాలి నుండియే తీసుకొంటుంది. నేటి కూలరు ఈ తడకకు వారసుడే. దానికొక పంకా, ఒక చిన్న పంపు చేరినవి. మన ప్రాంతపు ఎండకాలము పొడిగా ఉండడము దీనికి అనుకూలము. 42 డిగ్రీల వేడిలో గాలి తేమ నూటికి 20 పాళ్ళున్నపుడు, తడి వలన గాలి సుమారు 24 డిగ్రీల వరకు చల్లబడే అవకాశము ఉన్నది. అదే కూలరు శ్రావణ భాద్రపదములలో పనికిరాదు. తేమతో నిండిన గాలిలో నీరు ఆవిరి కాదు.

మంచుగడ్డ నుండి ‘టన్ను’

1833లో అమెరికాలోని బోస్టను నుండి మంచుగడ్డల నౌక ఒకటి కలకత్తా చేరినది. ఫ్రెడరిక్ ట్యూడరు అనే వర్తకుడు శీతకాలములో చెరువులపై గడ్డకట్టిన మంచును కోయించి, రంపపు పొట్టులో కప్పి, సముద్రములు దాటించి అమ్మేవాడు. మద్రాసు తీరమున 1842లో కట్టిన ‘ఐస్ హౌస్’ ఆ వ్యాపారమునకు గుర్తుగా నేటికిని నిలిచి ఉన్నది. మంచు తయారుచేసే యంత్రములు వచ్చిన పిమ్మట ఆ వర్తకము అంతరించినది. కాని దాని కొలత మిగిలినది. మనము ‘ఒక టన్ను ఏ.సి.’, ‘ఒకటిన్నర టన్నుల ఏ.సి.’ అంటున్నాము గదా! యంత్రము బరువునకు ఈ టన్నుతో సంబంధము లేదు. 907 కిలోగ్రాముల అమెరికా టన్ను మంచు 24 గంటలలో కరగుటకు పీల్చుకొనే ఉష్ణమే ఈ కొలత. కిలో మంచు కరగుటకు 334 కిలోజౌళ్ళు కావలెను. లెక్క కట్టి చూచితే ఒక టన్ను అనగా సుమారు 3.5 కిలోవాట్లు అని తేలుతుంది. ఈ లెక్కను విద్యార్థులు తామే చేసి చూడవలెను. కూలరులో గంటకు 5 లీటర్లకు పైగా నీరు ఆవిరి అయితే ఇంచుమించు ఇంతే ఉష్ణము గాలి నుండి పోతుందని కూడ దానితో బోధపడుతుంది.

యంత్రము, అందులోని వాయువు

1902లో విల్లిస్ కారియరు అనే అమెరికను ఇంజనీరు బ్రూక్లిన్ లోని ఒక ముద్రణాలయమునకు వాతానుకూలన పద్ధతిని రూపొందించినాడు. గాలిలో తేమ మారినప్పుడల్లా కాగితము సాగి, రంగులు ఒకదానిపై ఒకటి సరిగా పడకపోవడమే అక్కడి చిక్కు. మనుష్యుల సుఖము తరువాతి మాట. ఆ యంత్రములు క్రమముగా సినిమాహాళ్ళకు, దుకాణములకు, కార్యాలయములకు వ్యాపించినవి.

ఈ యంత్రము చల్లదనమును పుట్టించదు. లోపలి వేడిని బయటికి మోసి పారవేస్తుంది. ఆ వేడిని మోసేది గొట్టములలో తిరిగే వాయువు. మెకానిక్కులు దీనినే ‘గ్యాసు’ అంటారు. తొలినాళ్ళలో వాడిన అమ్మోనియా, సల్ఫరు డయాక్సైడు వంటివి విషవాయువులు. 1928లో థామస్ మిడ్జిలీ, ఆయన సహచరులు విషము కాని, అంటుకోని క్లోరోఫ్లోరోకార్బనులను కనిపెట్టినారు. లోకము సంతోషించినది. 1974లో మొలీనా, రోలాండు అనే శాస్త్రజ్ఞులు ఈ వాయువులలోని క్లోరిను ఆకాశపు పై పొరలలోని ఓజోనును నాశనము చేయగలదని చెప్పినారు. 1985లో అంటార్కిటికా మీద ఓజోను క్షీణత వెల్లడి అయినది. 1987లో మాంట్రియలు ఒప్పందము కుదిరినది. భారతదేశము అందులో 1992లో చేరినది.

క్లోరోఫ్లోరోకార్బనుల స్థానమున ఆర్-22 విరివిగా వాడుకలో నిలిచినది. అది ఓజోనుకు చేసే కీడు తక్కువే గాని, బొత్తిగా లేకపోలేదు. దాని తరువాత వచ్చిన ఆర్-410ఏ ఓజోనును చెరపదు. అయితే భూమిని వేడెక్కించుటలో అది కార్బను డయాక్సైడుకంటె సుమారు 2,000 రెట్లు బలమైనది. ఇటీవలి ఆర్-32 బలము అందులో మూడవ వంతు మాత్రమే. ప్రొపేను బలము ఇంకను చాల తక్కువ. కాని ఆర్-32 కొంత మండే స్వభావము కలది. ప్రొపేను సులభముగా అంటుకొంటుంది. ప్రతి మార్పులోను ఒక దోషము తీరినది, మరొక దోషము బయటపడినది.

ఈ చరిత్రకు మన పట్టణములలోని దుకాణములతో సూటియైన సంబంధము ఉన్నది. ఒప్పందము ప్రకారము మనదేశములో ఆర్-22 జాతి వాయువుల వాడుక 2025 నాటికి మూడింట రెండు వంతులు తగ్గవలెను. 2030 తరువాత పాత యంత్రముల మరమ్మతుకు కొద్దిపాటి భాగము తప్ప మిగలదు. 2016 నాటి కిగాలి సవరణను భారతదేశము 2021లో ఆమోదించినది. దాని ప్రకారము ఆర్-410ఏ జాతి వాయువులు 2028లో ఒక హద్దునకు వచ్చి, 2047 నాటికి నూటికి 85 పాళ్ళు తగ్గవలెను. పాత యంత్రములో కొత్త గ్యాసు పోసి సరిపెట్టుకొనుటకు వీలులేదు. ఆర్-410ఏ పీడనము ఆర్-22 పీడనముకంటె ఒకటిన్నర రెట్లకు పైగా ఉంటుంది. ఆర్-32కు మండే గుణము కూడ ఉన్నది. కనుక ఆర్-22 యంత్రము గల యజమాని దాని మార్పును నేడే తలచుకొనవలెను.

మార్చేముందు లెక్క

100 చదరపు మీటర్ల స్లాబు ఉన్నదనుకొందాము. నడివేసవిలో దాని పైభాగము 60 డిగ్రీలు, లోపలి గాలి 26 డిగ్రీలు అనుకొందాము. ఒక్కొక్క డిగ్రీ తేడాకు చదరపు మీటరుకు 3.5 వాట్ల చొప్పున వేడి దిగితే మొత్తము సుమారు 12 కిలోవాట్లు, అనగా దాదాపు మూడున్నర టన్నులు. అదే స్లాబునకు తెల్లని పూత వేసి, పైభాగమును 45 డిగ్రీలకు తగ్గించితే వేడి రెండు టన్నుల లోపునకు పడిపోతుంది. ఇది స్థూలమైన లెక్కయే. స్లాబు వేడిని నిలువచేసుకొని సాయంకాలము వదలడము వంటివి ఇందులో చేరలేదు. అయినను ఒకటిన్నర టన్నుల యంత్రము చేసే పనిని ఒక పూత చేయగలదని తెలుస్తుంది. తెలంగాణ ప్రభుత్వము 2023లో ప్రకటించిన శీతల కప్పుల విధానము వాణిజ్య భవనములకు ఇట్టి కప్పులను విధిగా చేసినది ఇందుకే.

మరొక సంగతి. జూరాలలో, శ్రీశైలము ఎడమగట్టున నీటి నుండి విద్యుత్తు పుడుతున్నది. కాని కృష్ణకు వరద వచ్చేది వానకాలములో. యంత్రములు హోరెత్తేది ఎండకాలములో. అప్పటి విద్యుత్తులో ఎక్కువ భాగము బొగ్గు నుండి రావలసినదే. వేసవిలో పొదుపు చేసిన యూనిటు విలువ అందుచేత అధికము.

కనుక చేయవలసిన పని వరుసగా ఇది. మొదట ప్రతి యంత్రము కొన్న సంవత్సరమును, అందులోని గ్యాసును, రోజుకు నడిచే గంటలను ఒక పుస్తకములో వ్రాయవలెను. తరువాత కప్పునకు తెలుపు, పడమటి కిటికీలకు నీడ, సందులకు మూత ఏర్పాటు చేయవలెను. అప్పుడు మిగిలిన వేడికి సరిపడే యంత్రమును, నక్షత్రముల గుర్తు చూచి ఎన్నుకొనవలెను. పొడి ఎండకాలములో కూలరు చాలే గోదామునకు, నడవకు ఏ.సి. అక్కరలేదు. పని కార్తీక మార్గశిరములలో జరగవలెను. మే నెల దానికి అదను కాదు. పాత యంత్రములోని గ్యాసును గాలిలోకి వదలక, తెలిసిన మెకానిక్కు చేత సిలిండరులోకి పట్టించవలెను.

ఉపాధ్యాయులు ఈ వేసవిలో బడి స్లాబునకు ఒక భాగమున సున్నము పూయించి, రెండు భాగముల క్రింద రెండు ఉష్ణమాపకములు వ్రేలాడదీయించవచ్చును. పిల్లలు గంట గంటకు అంకెలు వ్రాసుకొందురు గాక. ఆ పుస్తకము పట్టుకొని వారిలో ఒక్కరు ఇంటికిపోయి, దుకాణము నడిపే తండ్రికి చూపించినను, వచ్చే మే నెలలో ఒక తొందరపాటు కొనుగోలు తప్పుతుంది.