పార్కింగ్ మార్గదర్శక వ్యవస్థ

సెల్లార్లు, బహుళ అంతస్తుల పార్కింగ్ భవనాలు, మాల్ ఆవరణల్లో ఖాళీ ఎక్కడుందో డ్రైవరుకు చూపించే ఏర్పాటు ఇది. పైకప్పుకు బిగించిన అల్ట్రాసోనిక్ సెన్సర్ ధ్వని తరంగాన్ని కిందికి పంపుతుంది. అది తిరిగొచ్చే వ్యవధిని బట్టి కారు ఉందో లేదో తెలుస్తుంది. ఖాళీ అయితే పచ్చ దీపం, నిండితే ఎర్ర దీపం. మొత్తం లెక్క ప్రవేశం దగ్గరి బోర్డు మీద అంకెల్లో కనిపిస్తుంది. పైకప్పు లేని చోట నేలలో పాతిన సెన్సర్లు గానీ, కెమెరాలు గానీ ఆ పని చేస్తాయి.

జర్మనీలోని ఆహెన్ నగరం 1971లోనే ఇలాంటి బోర్డులు పెట్టింది.

ఒమన్ రాజధాని మస్కట్‌లో సీబ్ విలాయత్ (జిల్లా)కు చెందిన అల్ మవాలే ఈ అవసరానికి చక్కని ఉదాహరణ. ఇక్కడ సిటీ సెంటర్ మస్కట్ మాల్ 2001లో తెరుచుకుంది. పండ్లు, కూరగాయల కేంద్ర మార్కెట్ కూడా 2024లో నగరం బయట ఉన్న ఖజాయిన్‌కు తరలేవరకు ఇక్కడే ఉండేది. శుక్ర, శనివారాల సెలవుల్లో కుటుంబాలు మాల్‌కు కార్లలోనే వస్తాయి. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండలో, పిల్లలతో వరుసల వెంట చక్కర్లు కొట్టడం నిజమైన కష్టం. అందుకే నీడ ఉన్న అంతస్తుల్లో ఖాళీల సంఖ్యను గేటు దగ్గరే చెప్పడం ఇక్కడ సౌకర్యం కాదు, అవసరం.

హైదరాబాద్ సమస్య వేరు. అక్కడ స్థలమే కరువు. నాంపల్లిలో మెట్రో రైలు సంస్థ స్థలంలో కట్టిన యాంత్రిక పార్కింగ్ భవనంలో కారును యంత్రమే పైఅంతస్తుకు చేరుస్తుంది. దీపాలు, సెన్సర్లు ఎంత మంచివైనా రుసుము విధానం తోడవ్వాలి. ఆ దిశలోనే తెలంగాణ ప్రభుత్వం 2018 మార్చి ఉత్తర్వుతో మాల్స్‌లో తొలి 30 నిమిషాల పార్కింగ్‌ను ఉచితం చేసింది.