వేల్స్ లోయల్లో రిలే కేంద్రాలు: భూస్వరూపం, భాష, టెలివిజన్

ప్రసార మాధ్యమాలకూ భాషకూ గల సంబంధాన్ని చర్చించేటప్పుడు కార్యక్రమాల సంఖ్య, నాణ్యత, ప్రభుత్వ విధానం ప్రధానంగా పరిశీలనకు వస్తాయి. కార్యక్రమం ఇంటికి చేరే మార్గం మాత్రం తరచుగా మరుగున పడుతుంది. ఆ మార్గం భాషా విధానాన్ని ఎంతగా నిర్దేశించగలదో వేల్స్ చరిత్ర నిరూపిస్తుంది.

దక్షిణ వేల్స్ బొగ్గుగనుల లోయలు ఇరుకైనవి, లోతైనవి. 1952 ఆగస్టు 15న కార్డిఫ్ సమీపాన వెన్‌వో ప్రసార కేంద్రం ప్రారంభమైనా, రోండా వంటి లోయల్లో కొండచాటు ఊళ్లకు సంకేతం సరిగా అందలేదు. కొన్నిచోట్ల ఎత్తున యాంటెన్నా నిలిపి, తీగల ద్వారా ఇంటింటికీ ప్రసారాన్ని చేర్చారు. 1964లో మొదలైన యు.హెచ్.ఎఫ్. ప్రసారాలతో సమస్య మరింత జటిలమైంది. తరంగదైర్ఘ్యం తగ్గేకొద్దీ తరంగాలు కొండను దాటి లోయలోకి వంగడం తగ్గుతుంది.

దీనికి పరిష్కారంగా వెలసినదే రిలే కేంద్రం. ప్రధాన కేంద్రపు సంకేతాన్ని కొండమీద గ్రహించి, పరస్పర అంతరాయం కలగకుండా వేరొక పౌనఃపున్యానికి మార్చి, స్వల్పశక్తితో లోయలోకి ప్రసరింపజేయడం దాని పని. అయితే ఒక్కొక్క కేంద్రానికి నాలుగు చానళ్లకు మించి అవకాశం లేదు. భాషా సమస్య ఇక్కడే ఆరంభమయింది.

1961 జనగణన నాటికి వేల్స్ జనాభాలో వెల్ష్ మాట్లాడేవారు 26 శాతం. 1981 నాటికి సుమారు 19 శాతం. వెల్ష్ కార్యక్రమాలు ఆంగ్ల చానళ్లలోనే కొద్ది గంటలపాటు వచ్చేవి. వెల్ష్ భాషీయులకు ఆ సమయం చాలలేదు. వెల్ష్ రానివారికి అదే అధికమనిపించింది. సముద్రతీరంలో, సరిహద్దు ప్రాంతాల్లో ఉన్నవారు యాంటెన్నాను ఇంగ్లండు కేంద్రాలవైపు తిప్పుకోగలిగారు. లోయవాసికి ఆ వెసులుబాటు లేదు. అతనికి అందేది ఎదుటి కొండమీది రిలే ఒక్కటే. ఒకే ఇరుకు ద్వారం గుండా రెండు భాషలు నడవవలసి వచ్చింది.

వెల్ష్ కార్యక్రమాలను నాలుగవ చానల్‌కు తరలించాలని 1974లో క్రాఫర్డ్ సంఘం సిఫారసు చేసింది. 1979లో ప్రభుత్వం వెనుకంజ వేయగా, పెన్నార్ డేవిస్, మెరెడిత్ ఎవాన్స్, నెడ్ థామస్ అనే ముగ్గురు విద్వాంసులు పెన్‌కారెగ్ ప్రసార కేంద్రంలో ప్రవేశించి ప్రసారాన్ని నిలిపివేశారు. 1980లో గ్విన్‌ఫర్ ఎవాన్స్ ఆమరణ నిరాహారదీక్ష ప్రకటించడంతో ప్రభుత్వం తలొగ్గింది. 1982 నవంబరు 1న ఎస్‌4సి ఆరంభమైంది. నిరసనకు ప్రసార కేంద్రాన్నే ఎంచుకోవడం గమనార్హం: భాషాధికారం స్టూడియోతో పాటు కొండమీది స్తంభంలోనూ ఉందని ఉద్యమకారులు గుర్తించారు.

ఈ పరిష్కారానికీ మూల్యం ఉంది. బ్రిటన్‌లో ఇతరత్రా నాలుగవ స్థానంలో వచ్చిన చానల్ 4 కార్యక్రమాలను వేల్స్‌లో ఎస్‌4సి తన వెల్ష్ కార్యక్రమాలకు మిగిలిన వేళల్లో సర్దింది. 2010 మార్చిలో అనలాగ్ ప్రసారాలు ముగియడంతో ఈ సర్దుబాటు అంతరించి, ఎస్‌4సి పూర్తిగా వెల్ష్ చానల్ అయింది. అయినా అసమానత తొలగలేదు. ప్రధాన కేంద్రాలు ఆరు డిజిటల్ చానళ్ల సముదాయాలను అందించగా, అనేక రిలే కేంద్రాలు ప్రజాసేవా ప్రసారాలకు చెందిన మూడింటికే పరిమితమయ్యాయి.

కాబట్టి వెల్ష్ చానల్ అవతరణను కేవలం భాషాభిమానపు విజయంగా వ్యాఖ్యానించడం అసమగ్రం. నాలుగు చానళ్ల పరిమితి, కొండల అడ్డు భాషా సంఘర్షణకు రూపమిచ్చాయి. వాటితోనే దాని పరిష్కారమూ రూపొందింది.