క్రియాటినిన్ లెక్కలో ఉద్దానం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు బోదకాలు పాత చుట్టం. అది పట్టిన మనిషి వీధిలో నడిచివస్తుంటే జబ్బేమిటో డాక్టరు చెప్పక్కర్లేదు. అంత బాహాటమైన జబ్బుకు కూడా మొదటి దశలో ఆనవాలు దొరకడం కష్టమే. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు దోమ ఒంట్లో పెరుగుతుందని ప్యాట్రిక్ మాన్సన్ 1877లో చైనాలో కనిపెట్టాడు. ఆ పురుగు పిల్లలు మనిషి రక్తంలో రాత్రివేళే తిరుగుతాయని కూడా తర్వాత ఆయనే తేల్చాడు. ఫైలేరియా సిబ్బంది ఊళ్లు పడుకునే వేళకు వచ్చి, నిద్ర లేపి, వేలు గుచ్చి రక్తం తీసుకెళ్లేది అందుకే. ఏ పరీక్ష, ఏ వేళప్పుడు చేయాలో తెలియనంత కాలం జబ్బు ఉన్నా లేనట్టే లెక్క. ఉద్దానం కిడ్నీల కథ నడిచిందీ ఈ దారిలోనే. కాకపోతే ఇక్కడ వాచిన కాలు లేదు, కంటికి కనబడే గుర్తేదీ లేదు.

మహేంద్రగిరి కొండలకూ సముద్రానికీ నడుమ ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల మేర పరుచుకున్న పచ్చని నేల ఉద్దానం. కొబ్బరి, జీడి, పనస తోటలే దాని పేరు. పలాస జీడిపప్పు తినని తెలుగువాడు అరుదు. ఇంత పచ్చటి చోట పెద్ద వయసైనా రాని రైతులు, కూలీలు, వాళ్లలో షుగరూ బీపీ లేనివాళ్లు కూడా కిడ్నీలు పూర్తిగా చెడిపోయి ఆసుపత్రులకు వస్తున్నారన్న సంగతిని 1990లలో డాక్టర్లు పట్టించుకోవడం మొదలుపెట్టారు.

అంతకుముందు ఈ జబ్బు లేదా? లేదని చెప్పడానికి ఆధారం లేదు. మనిషికి ఒక్కో మూత్రపిండంలో దాదాపు పది లక్షల వడపోత గొట్టాలుంటాయి. రెండూ కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, కావలసిందంతా వెనక్కి తీసుకుని, ఒకటిన్నర రెండు లీటర్లు మాత్రం బయటికి పంపుతాయి. ఇంత శక్తి చేతిలో ఉండబట్టి సగం పాడైనా మిగతా సగం గుట్టుగా సంసారం నెట్టుకొస్తుంది. కిడ్నీలు వడగట్టి పంపాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో పైకి కనబడేలా పెరిగేది ఆ సగం పోయాకే. ఆకలి మందగించి, వాంతులై, మొహం ఉబ్బేసరికి చేయగలిగింది చాలా తక్కువ. రక్తపరీక్ష లేని రోజుల్లో అలా పోయినవాళ్లను ఊరు రక్తం లేకనో, ఉబ్బుతోనో పోయాడనుకుని సాగనంపి ఉండాలి. ఇది నా ఊహే.

కిడ్నీ జబ్బును పట్టే తొలి నమ్మకమైన పరీక్ష లండన్‌లోని గైస్ ఆసుపత్రిలో పుట్టింది. 1827లో రిచర్డ్ బ్రైట్ రోగి మూత్రాన్ని చెంచాలో పోసి దీపం మీద వేడిచేసేవాడు. ప్రోటీన్ పోతుంటే గుడ్డు తెల్లసొనలా గడ్డకట్టేది. ఇప్పటి మూత్రపరీక్ష పుల్లలదీ ఆ వంశమే. కానీ ఉద్దానం జబ్బు కిడ్నీలో రక్తాన్ని వడగట్టే జల్లెడల్ని వదిలేసి, వాటి వెనకున్న సన్నగొట్టాల్నీ, గొట్టాల నడుమ కణజాలాన్నీ తింటుంది. అందుకే మూత్రంలో ప్రోటీన్ అంతగా పోదు, తొలినాళ్లలో బీపీ కూడా పెరగకపోవచ్చు. బ్రైట్ చెంచాతో వెతికితే ఉద్దానంలో చాలా జబ్బు కనబడదు. వడపోత నిమిషానికి 60 మిల్లీలీటర్ల కన్నా తగ్గి మూడు నెలలు అలాగే ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుగా లెక్కించాలన్న కొలత ప్రపంచమంతటికీ వచ్చింది 2002లో. ఇంటింటి సర్వేకు కొలబద్ద దొరికింది అప్పుడే.

కొలిచినవాళ్లలో ముందు చెప్పవలసిన పేరు విశాఖ నెఫ్రాలజిస్టు డాక్టర్ టి. రవిరాజుది. ఆయన బృందం 2019లో ప్రచురించిన సర్వేలో పరీక్షించినవాళ్లలో సుమారు 18 శాతానికి జబ్బుంది. అందులో నాలుగింట మూడు వంతుల కేసులకు కారణం తేలలేదు. మరుసటి ఏడు వచ్చిన ఇంకో అధ్యయనం 67 ఊళ్లలో 2400 మందిని చూసి 21 శాతమని తేల్చింది. ఇంటికి ఐదుగురుంటే ఒకరన్నమాట.

కారణం కోసం వెతుకులాట మాత్రం ఇంకా తెగలేదు. బోరు నీళ్లలో సిలికా, సీసం, కాడ్మియం, ఫ్లోరైడ్, తోటల్లో కొట్టే పురుగుమందులు, ఒళ్లునొప్పులకు వాడే నొప్పి మాత్రలు, ఎండలో ఒళ్లు ఎండిపోయేలా చేసే పని, వంశంలో వచ్చే బలహీనత అన్నీ బోనెక్కాయి. ఏ ఒక్కదాని మీదా నేరం రుజువు కాలేదు. నీళ్లే కారణమని ఊళ్లు ఎప్పుడో తీర్పు చెప్పేశాయి. ఆ తీర్పు తప్పని అనలేం, సరిపోయే సాక్ష్యం మాత్రం ఇంకా లేదు.

ఉద్దానం ఒంటరిదేం కాదు. ఎల్ సాల్వడార్ చెరకు కూలీల్లో ఇటువంటి జబ్బును 2002లో వైద్యపత్రికకెక్కించారు. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రపు వరిరైతుల్లో 1990ల నుంచీ ఉంది. మన రాష్ట్రంలోనే ఎ.కొండూరు మండలపు తండాల్లో ఉంది. వీటన్నిటికన్నా నాకు బాల్కన్ల కథ దగ్గరగా తోస్తుంది. దాన్యూబు ఉపనదుల పక్క ఊళ్లలో మాత్రమే వచ్చే కిడ్నీ జబ్బును 1956లో బల్గేరియాలో వర్ణించారు. అక్కడా ముందు నీళ్లను అనుమానించారు, లోహాలను, బూజును అనుమానించారు. గోధుమచేలల్లో మొలిచే ఒక కలుపుమొక్క విత్తనాలు పిండిలో కలుస్తున్నాయని 1969లో ఒకరు సూచిస్తే పెద్దగా ఎవరూ చెవిన పెట్టలేదు. అది మన ఈశ్వరవేరు జాతి మొక్క. 1993లో బెల్జియంలో సన్నబడేందుకు అదే జాతి మూలికలున్న మాత్రలు మింగిన ఆడవాళ్లకు కిడ్నీలు పోయిన సంగతి బయటికొచ్చింది. చివరికి 2007లో బాల్కన్ రోగుల కిడ్నీల్లో ఆ మొక్క విషం డీఎన్ఏకు అంటుకుని ఉన్నట్టు తేలింది. మొత్తం యాభై ఏళ్లు. ఉద్దానంలోనూ ఆ మొక్కే ఉందని కాదు. ఎవరూ విననిది కూడా వెతకవలసిన జాబితాలో ఉండాలని.

కారణం తెలియకపోయినా ప్రాణం నిలబెట్టే దారి ఒకటి దొరికింది. నాజీల ఆక్రమణలో ఉన్న హాలెండ్‌లో 1943లో విలెమ్ కోల్ఫ్ సాసేజ్ తొడుగుల సెల్లోఫేన్‌తో డయాలసిస్ యంత్రం కట్టాడు. పదేపదే రక్తం తీసి శుద్ధిచేసే వీలు 1960లో సియాటిల్‌లో వచ్చింది. ఉద్దానం దాకా రావడానికి మరో అర్ధశతాబ్దం పైగా పట్టింది. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. అంతదాకా ఇచ్ఛాపురం మనిషికి విశాఖ కేజీహెచ్ ఆసుపత్రి రెండు వందల కిలోమీటర్లకు పైమాట. ఒడిశాలోని బరంపురం దగ్గరే కానీ అది పరాయి రాష్ట్రం. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి కావడం ఇక్కడి రోగులకు కొంత అండ. అయినా మనిషి వెంట మనిషి పోవాల్సి వచ్చేది, ఇద్దరి కూలీ పోయేది.

2017 జనవరిలో పవన్ కల్యాణ్ ఇచ్ఛాపురం వచ్చి ఈ బాధను రాష్ట్రం ముందు పెట్టాక ప్రభుత్వం కదిలింది. సోంపేట, పలాసల్లో డయాలసిస్ యంత్రాలు పెట్టారు, మంచినీటి ప్లాంట్లు కట్టారు, పింఛను మొదలైంది. 2019 తర్వాత డయాలసిస్ రోగుల పింఛను నెలకు 10,000 రూపాయలైంది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. ఆ రోజే, హిరమండలం జలాశయం నుంచి వంశధార నీళ్లను ఉద్దానం ఊళ్లకు తెచ్చే 700 కోట్ల రూపాయల పథకాన్నీ ప్రారంభించారు. ఎవరి ఘనత ఎంతో తేల్చుకోవడంలో పార్టీలు తలమునకలయ్యాయి గానీ, రోగులకు దక్కింది దూరం తగ్గడం. అది చిన్నదేం కాదు.

నీటి సంగతి వేరు. బోరు మాని వంశధార తాగితే జబ్బు తగ్గుతుందా అన్నది నిజానికి ఇప్పుడు జరుగుతున్న అతి పెద్ద ప్రయోగం. దాని ఫలితం తెలియాలంటే, సర్వే చేసిన ఆ 67 ఊళ్లలో అవే కుటుంబాల క్రియాటినిన్‌ను పదీ పదిహేనేళ్లు ఏటేటా రాసిపెట్టాలి. ముఖ్యంగా ఇంకా జబ్బు సోకని ఇరవై ఏళ్ల పిల్లలవి. వాళ్లలో చాలామంది హైదరాబాదుకో, చెన్నైకో, గల్ఫ్‌కో పనికి పోయి, పండగకు మాత్రమే ఊరికి వస్తారు. రక్తం తీసే జట్టు సంక్రాంతి వారంలో రావాలని ఎవరైనా ఇప్పుడే రాసుకుంటే మంచిది.