ఆకలి వేళ.. బండి వద్ద ఎదురుచూపులేల?

పట్టణాలలో ఉదయపు అల్పాహారానికీ, సాయంత్రపు చిరుతిండికీ ఎంతోమందికి ఆధారం రోడ్డు పక్క టిఫిన్ బండ్లే. తోపుడుబండి నుంచి ఆటో ట్రాలీకి, అక్కడి నుంచి వంటగదితో సహా కదిలే వ్యానుకు ఈ వ్యాపారం ఎదిగింది. రుచికి కొదవ లేదు, ధరా అందుబాటులోనే ఉంటుంది. లోపమల్లా నిలబడి ఎదురుచూసే ఆ పది, పదిహేను నిమిషాలలోనే. ముందు ఎవరు వచ్చారో తెలియదు, తమ వంతు ఎప్పుడో చెప్పేవారుండరు.

ఈ గందరగోళం వినియోగదారుల విసుగుతోనే ఆగదు. బండి నిలిచే చోటుకే ముప్పు తెస్తుంది. 2024 జనవరి చివరిలో హైదరాబాద్ మాదాపూర్‌లో రోడ్డు పక్కన భోజనం అమ్మే ఒక మహిళ వద్దకు సామాజిక మాధ్యమాల ప్రచారంతో జనం పోటెత్తారు. వాహనాల రాకపోకలకు అంతరాయం కలుగుతోందంటూ పోలీసులు అక్కడి విక్రయాలను నిలిపివేయించారు. ముఖ్యమంత్రి జోక్యంతో ఆమె తిరిగి అదే చోట వ్యాపారం సాగించగలిగారు. అందరు వ్యాపారులకూ అంతటి అదృష్టం పట్టదు.

కాలం కన్నా సందిగ్ధమే కష్టం

నిరీక్షణలోని మనస్తత్వంపై డేవిడ్ మైస్టర్ 1985లో రాసిన వ్యాసం నేటికీ ఈ రంగంలో ప్రామాణికంగా నిలిచింది. ఏ పనీ లేకుండా గడిపిన సమయం, ఎంతసేపో తెలియని సమయం, కారణం చెప్పని జాప్యం ఉన్నదానికన్నా ఎక్కువగా తోస్తాయని ఆయన వివరించారు. అన్యాయంగా తోచే నిరీక్షణ మరీ సుదీర్ఘమనిపిస్తుంది. వెనుక వచ్చిన వ్యక్తి ముందుగా ప్లేటు అందుకుంటే కలిగే కోపం ఏ టిఫిన్ బండి వద్దనైనా కనిపించేదే.

ఎంతసేపో చెప్పడం కష్టమేమీ కాదు. ఒకేసారి ఆరు అట్లు పట్టే పెనంపై ఒక వాయి నాలుగు నిమిషాలలో దిగుతుందనుకుంటే, నిమిషానికి ఒకటిన్నర అట్టు. అప్పటికి 18 అట్లు బాకీ ఉంటే కొత్తగా వచ్చినవారికి 12 నిమిషాలు పడుతుంది. వేచి ఉన్నవారి సంఖ్యకూ, వచ్చేవారి వేగానికీ, నిరీక్షణ కాలానికీ గల ఈ సంబంధాన్నే అమెరికా ఆచార్యుడు జాన్ లిటిల్ 1961లో గణితపరంగా నిరూపించారు. పెనం దగ్గరి మాస్టరుకు ఆయన పేరు తెలియకపోవచ్చు గానీ, లెక్క మాత్రం చేతిలోనే ఉంటుంది. ‘పన్నెండు నిమిషాలు పడుతుందండీ’ అని చెప్పి పదికే అందిస్తే వినియోగదారుడు సంతోషిస్తాడు. ‘అయిపోయింది, రెండు నిమిషాలే’ అంటూ పావుగంట నిలబెడితే మరునాడు పక్క బండికి వెళతాడు.

టోకెన్‌తో తీరే తగవు

అంకె రాసిన అట్టముక్కలు చాలు. టోకెన్ చేతికందితే బండి చుట్టూ మూగవలసిన అవసరముండదు, కాస్త దూరంలో నీడన నిలబడవచ్చు. అయితే జనరేటరు రొదలో పిలుపు వినబడదు గనుక నడుస్తున్న అంకెను పలకపై పెద్దగా రాయాలి. తిన్న తరువాతే డబ్బులిచ్చే అలవాటు మన బండ్లది. ముందుగా అడిగితే పాత ఖాతాదారులు నొచ్చుకోవచ్చు. అయినా రద్దీ వేళ టోకెన్ ఇచ్చేటప్పుడే సొమ్ము తీసుకోవడం మేలు. ఫోన్ చెల్లింపులకు సంబంధించిన క్యూఆర్ బోర్డును వడ్డించే కిటికీ వద్ద కాక వరుస మొదట్లో కట్టాలి.

అసలు తగవు పార్శిళ్లతోనే వస్తుంది. ఒకరు ఎనిమిది అట్లు కట్టించుకుంటుంటే ఒక్క అట్టు కోసం వచ్చిన వృద్ధుడు రెండు వాయిల సేపు ఆగాలి. వాయిలో నాలుగు అక్కడే తినేవారికి, రెండు పార్శిళ్లకు అని ముందే కేటాయించి, ఆ సంగతి బోర్డుపై రాస్తే ఎవరూ గొడవపడరు. పెనంతో పనిలేని ఇడ్లీ, వడలకు వేరే చేయి ఉండాలి.

వ్యాను కిటికీ ఎత్తు కూడా సమస్యే. పొట్టివారికీ, పిల్లలకూ ప్లేటు అందదు, వేడి సాంబారు ఒలుకుతుంది. కిటికీ కింద ఒక బల్ల బిగిస్తే సరిపోతుంది. వరుస రోడ్డుకు అడ్డంగా కాక వాహనం పొడవునా సాగేలా తాడు కట్టాలి.

వీధి విక్రేతల జీవనోపాధికి రక్షణ కల్పించే చట్టం 2014లో వచ్చింది. దాని ప్రకారం ఏర్పడే పట్టణ విక్రయ కమిటీలలో కనీసం 40 శాతం మంది విక్రేతల ప్రతినిధులే ఉండాలి. బండ్లకు స్థలాలు కేటాయించేటప్పుడు బండి పట్టే జాగాతో పాటు వరుస పట్టే జాగాను కూడా లెక్కించాలని ఈ ప్రతినిధులు పట్టుబట్టవచ్చు.

పిండి అడుగంటే వేళ మరొక జాగ్రత్త అవసరం. గిన్నెలో ఎన్ని అట్లకు సరిపడా ఉందో చూసుకుని అంతవరకే టోకెన్లు ఇచ్చి, వరుస చివరనున్నవారికి అప్పుడే చెప్పి పంపాలి. ఇరవై నిమిషాలు నిలబడి కిటికీ దాకా వచ్చాక ‘అయిపోయింది’ అని వినడం కన్నా అది ఎంతో నయం.