సబ్బు పొడి అమ్మబోతే సీరియల్ పుట్టింది

రేడియో వచ్చిన కొత్తలో అమెరికాలో ఎంతకీ తేలని ప్రశ్న ఒకటుండేది. దీనికి డబ్బెవరు కడతారు? 1920 నవంబరు 2న పిట్స్‌బర్గ్‌లోని కేడీకేఏ స్టేషను అధ్యక్ష ఎన్నికల ఫలితాలు చదివి వినిపించినప్పుడు ఖర్చంతా వెస్టింగ్‌హౌస్ కంపెనీ భరించింది. రేడియో సెట్లు కొనాలంటే వినడానికి ఏదో ఒకటి ఉండాలి కదా, అదీ వాళ్ల ఆలోచన. సెట్లయితే అమ్ముడుపోయాయి. మరి రోజూ పాడేవాళ్లకూ మాట్లాడేవాళ్లకూ జీతాలు? బ్రిటన్ సెట్టుకింత అని లైసెన్సు రుసుము పెట్టింది. మన దగ్గర కూడా పోస్టాఫీసుకు వెళ్లి రేడియో లైసెన్సు కట్టొచ్చిన తరం ఇంకా ఉంది. అమెరికా ఆ దారి తొక్కలేదు. 1922 ఆగస్టు 28న న్యూయార్క్‌లోని డబ్ల్యూఈఏఎఫ్ స్టేషను ఒక రియల్ ఎస్టేట్ కంపెనీకి 10 నిమిషాలు అమ్మింది. ఆ పది నిమిషాలూ వాళ్లు జాక్సన్ హైట్స్‌లో కట్టిన తమ అపార్ట్‌మెంట్ల గొప్ప చెప్పుకున్నారు. ఇంత మంచి సాధనాన్ని ప్రకటనల గోలలో ముంచేస్తామా అని వాణిజ్య మంత్రి హెర్బర్ట్ హూవర్ ఆ ఏడాది మొదట్లోనే అన్నాడు. నిక్షేపంగా ముంచేశారు.

1930 జనాభా లెక్కల్లో ఇంట్లో రేడియో ఉందా అని కూడా అడిగారు. పది ఇళ్లలో నాలుగింట ఉంది. 1940 నాటికి అది ఎనిమిది ఇళ్లు దాటింది. మధ్యలో ఉన్నవన్నీ మహా మాంద్యం ఏళ్లు. ఉద్యోగాలు పోయాయి, బ్యాంకులు మూతపడ్డాయి. సినిమా టికెట్టుకు డబ్బు వెతుక్కునే ఇంట్లో, ఒకసారి కొంటే ఊరికే మాట్లాడే పెట్టె అదొక్కటే.

రోజూ అదే వేళకు అవే పాత్రలు వచ్చి, నిన్న ఆగిన చోటి నుంచి కథ ఎత్తుకుంటే జనం కట్టుబడి వింటారని మొదట రుజువు చేసింది 'ఏమస్ అండ్ యాండీ'. 1928లో షికాగోలో మొదలై, 1929లో ఎన్‌బీసీ ద్వారా దేశమంతా పాకింది. నిడివి పదిహేను నిమిషాలు, ఖర్చు పెప్సోడెంట్ టూత్‌పేస్టుది. ఆ వేళకు సినిమా హాళ్లలో బొమ్మ ఆపి రేడియో పెట్టేవారు, లేకపోతే జనం హాలుకే రావడం మానేసేవారు. అందులో నల్లజాతి మిత్రులిద్దరి గొంతులూ ఇద్దరు తెల్లవాళ్లవి, ఫ్రీమన్ గాస్డెన్, చార్లెస్ కోరెల్. ఇచ్చకాలు, మోసాలు, యాస మీద వెక్కిరింత. దేశమంతా కలిసి నవ్విన మొదటి నవ్వు సాటివాణ్ణి చులకన చేసి నవ్వినది కావడం అమెరికా రేడియో చరిత్రలో కడగలేని మచ్చ. 1931లో 'పిట్స్‌బర్గ్ కూరియర్' అనే నల్లజాతీయుల పత్రిక దాని మీద సంతకాల ఉద్యమం నడిపింది. కార్యక్రమం ఆగలేదు. 1951లో టీవీకి ఎక్కినప్పుడు పౌరహక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ ధ్వజమెత్తింది. రెండేళ్లకు కొత్త ఎపిసోడ్లు ఆగినా, పాతవి తిప్పి తిప్పి వేయడం 1966 దాకా సాగింది.

రాత్రి వేళలకు బేరం కుదిరింది. పగటి వేళలు మాత్రం బోసిగా పడి ఉన్నాయి. మగవాళ్లు పనులకు వెళ్లాక ఎవరు వింటారులే అనుకుని స్టేషన్లు వంటల ముచ్చట్లు, ఆరోగ్య సలహాలు వేసేవి. పగటి రేటు రాత్రి రేటులో సగం. షికాగోలోని డబ్ల్యూజీఎన్ స్టేషను ఆ ఖాళీలోకి ఒక మాజీ బడిపంతులమ్మను దించింది. పేరు ఇర్నా ఫిలిప్స్. 1930 అక్టోబరు 20న ఆమె రాసిన 'పెయింటెడ్ డ్రీమ్స్' మొదలైంది. ఒక విధవ తల్లి, ఎదిగిన కూతురు, ఇంట్లో అద్దెకున్నవాళ్లు, వంటింటి బల్ల దగ్గర మాటలు. అంతే కథ. తల్లి పాత్రకు ఇర్నాయే గొంతిచ్చింది. మొదట ఏ కంపెనీ ముందుకు రాలేదు. ఏడాది తర్వాత డబ్బు పెట్టింది సబ్బు కంపెనీ కూడా కాదు, సాసేజీలు అమ్మే మాంసం కంపెనీ.

దేశమంతా ప్రసారం చేద్దామంటే స్టేషను ఒప్పుకోలేదు. కథ నాదని ఇర్నా, జీతమిచ్చి రాయించాం కాబట్టి మాదని స్టేషను. వ్యవహారం కోర్టుకెక్కింది, ఆమె ఓడిపోయింది. ఈలోగా ఇంచుమించు అదే కుటుంబాన్ని పేర్లు మార్చి 1932లో 'టుడేస్ చిల్డ్రన్' అని మరో స్టేషనులో మొదలుపెట్టింది. ఈసారి హక్కులు తన పేరనే రాయించుకుంది. ఆనాడు రేడియోలో రాసే మగవాళ్లలో కూడా చాలామందికి లేని తెలివి అది.

ఇక సబ్బు రంగంలోకి దిగింది. సిన్సినాటిలోని ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీ దగ్గర ఆక్సిడాల్ అనే సబ్బు పొడి ఉండేది, దానికి గట్టి పోటీ లీవర్ వాళ్ల రిన్సో. కరువు రోజుల్లో మిగతావాళ్లు ప్రకటనల ఖర్చు కోసుకుంటుంటే వీళ్లు పెంచారు. ఎంత కరువైనా బట్టలు ఉతక్క తప్పదు, ఉతికేది ఇల్లాలు, సబ్బు కొనేదీ ఇల్లాలే. షికాగో ప్రకటనల ఏజెన్సీలో ఫ్రాంక్ హమ్మర్ట్, అతని సహాయకురాలు ఆన్ (తర్వాత వాళ్లిద్దరూ పెళ్లి చేసుకున్నారు) కలిసి 1933 ఆగస్టులో 'మా పెర్కిన్స్' తెచ్చారు. చిన్న ఊళ్లో కలప అడితి నడిపే విధవరాలి కథ. ఆ ముసలి గొంతు వర్జీనియా పేన్ అనే అమ్మాయిది, అప్పటికి ఆమె వయసు 23. అదే పాత్రలో 7,065 ఎపిసోడ్లు చేసి, 50 ఏళ్ల వయసులో బయటికొచ్చింది.

ఈ కథల నడక గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇవాళ్టి సీరియళ్ల మీద మనం విసుక్కునే ప్రతి గుణమూ అక్కడ ఒక అవసరంలోంచి పుట్టింది. వినే మనిషి కుర్చీలో కూర్చుని వినడం లేదు. బట్టలు పిండుతోంది, పొయ్యి మీద కూర కలుపుతోంది, ఏడ్చే పిల్లాణ్ణి ఎత్తుకోవడానికి పక్క గదిలోకి వెళ్లొస్తోంది. మూడు నిమిషాలు తప్పినా కథ చేజారకూడదు. అందుకని ఒక్కో సంగతిని ముగ్గురి చేత మూడు రోజులు చెప్పిస్తారు. మనుషులు కనిపించరు కాబట్టి ఒకరినొకరు మాటమాటకీ పేరు పెట్టి పిలుచుకుంటారు. 'అతను ఊళ్లోకి వచ్చాడట జానకీ', 'ఎవరు చెప్పారు సుభద్రా', 'నా కళ్లతో చూశాను జానకీ'... ఈ ధోరణిలో. మొదట్లో ఆర్గన్ సంగీతం, నిన్నటి కథ రెండు ముక్కల్లో, తర్వాత సబ్బు, తర్వాత కథ, మళ్లీ సబ్బు. శుక్రవారం నాడు మాత్రం ఎవరో ఒకరు తలుపు తడతారు. తీసేది సోమవారమే. రెండు రోజుల సెలవు దాటించి జనాన్ని వెనక్కి రప్పించాలి మరి.

హమ్మర్ట్ దంపతులు దీన్ని కార్ఖానాగా మార్చారు. కథ వాళ్లు చెబుతారు, సంభాషణలు కూలికి రాసేవాళ్లు రాస్తారు. ఇర్నా పద్ధతి వేరు. గదిలో అటూ ఇటూ తిరుగుతూ ఒక్కో పాత్రనూ నటించి చూపిస్తూ చెబుతుంటే సెక్రటరీ టైపు చేసేది. హమ్మర్ట్‌ల కథల్లో బార్బరు షాపు బిల్లు లాంటి చిన్న ఊరి జనం ఉంటే, ఆమె డాక్టర్లనూ లాయర్లనూ పాస్టర్లనూ తెచ్చింది. సీరియల్లోకి ఆస్పత్రి వచ్చి ఇప్పటిదాకా కదలకపోవడానికి మొదటి కారణం ఆమెనే అనుకోవాలి. ఇంకో విచిత్రం కూడా ఉంది. ఆడదానికి ఇల్లే స్వర్గమని ఏళ్ల తరబడి రాసిన ఇర్నా పెళ్లి చేసుకోలేదు. తన సంపాదనతో ఇద్దరు పిల్లల్ని దత్తత తీసుకుని పెంచుకుంది.

జనం అలవాటు పడ్డారు. కథలో కాన్పయితే రేడియో ఆఫీసులకు పసిబట్టలు వచ్చేవి. అలవాటు పెరిగేకొద్దీ పెద్దమనుషులకు బెంగ పట్టుకుంది. 1942లో న్యూయార్క్ మానసిక వైద్యుడు లూయిస్ బర్గ్ ఈ కథలు వింటే గుండెదడ, రక్తపోటు వస్తాయని ప్రకటించాడు. పరీక్ష ఎవరి మీద చేశాడయ్యా అంటే, తన మీదే! రేడియో పెట్టుకుని తన నాడి తానే చూసుకున్నాడు. రాత్రిపూట హత్యా కథలూ బాక్సింగు పోటీలూ వినే మగవాళ్ల నాడి చూడాలని మాత్రం ఆయనకు తోచినట్టు లేదు. వియన్నా నుంచి వలస వచ్చిన హెర్టా హెర్జోగ్ అంతకు ముందే వేరే పని చేసింది. ఆ కథలు వినే ఆడవాళ్ల దగ్గరికి వెళ్లి, ఎందుకు వింటున్నారమ్మా అని అడిగింది. ఏడవడానికి ఒక సందు దొరుకుతుందని కొందరు, కష్టాలు నాకొక్కదానికే లేవని తెలుస్తుందని కొందరు, మొగుడితో పిల్లలతో ఎలా నెగ్గుకురావాలో నేర్చుకుంటున్నామని కొందరు చెప్పారు. మీడియా జనాన్ని ఏం చేస్తుందని కాకుండా, జనం మీడియాతో ఏం చేసుకుంటారని అడిగే పరిశోధన అక్కడ మొదలైంది.

రేడియో సీరియళ్లు చివరికి ఒకే రోజు పోయాయి. 1960 నవంబరు 25, శుక్రవారం. 'మా పెర్కిన్స్'తో సహా మిగిలిన నాలుగు కథలనూ సీబీఎస్ నెట్‌వర్క్ ఒక్కసారిగా ఆపేసింది. అప్పటికి ఆట టీవీకి మారింది. ఇర్నా 1937లో రేడియోలో మొదలుపెట్టిన 'గైడింగ్ లైట్' 1952లోనే టీవీకి వచ్చింది. 1956లో ఆమె 'యాజ్ ద వరల్డ్ టర్న్స్'తో పదిహేను నిమిషాలను అరగంట చేసింది. 1963 నవంబరు 22న కెనెడీ మీద కాల్పులు జరిగాయన్న వార్త చెప్పడానికి టీవీ వార్తల వ్యాఖ్యాత వాల్టర్ క్రాంకైట్ ఆపింది ఆ సీరియల్నే.

నోట రాని మాటలను ఇంటింటి మాటలుగా మార్చింది కూడా ఈ కథలే. అయితే ఎంత బతిమాలుకుంటే! ఇర్నా శిష్యురాలు ఆగ్నెస్ నిక్సన్ స్నేహితురాలు ఒకామె గర్భాశయ కేన్సర్‌తో చనిపోయింది. 'పాప్ స్మియర్' పరీక్ష చేయించుకుంటే ముందే తెలిసేదని 'గైడింగ్ లైట్'లో చెప్పాలని ఆగ్నెస్ పట్టుబట్టింది. కంపెనీ, నెట్‌వర్క్ చివరికి సరేనన్నాయి. షరతు ఒక్కటే, 'కేన్సర్', 'గర్భాశయం', 'గర్భసంచి తీసివేత' అన్న మాటలు వినపడకూడదు! 1962లో ఆమె ఆ మూడు మాటలూ లేకుండానే ఒక నడివయసు ఇల్లాలి జబ్బును కథగా నడిపి, ఆడవాళ్లందరికీ అర్థమయ్యేలా చెప్పింది. 1973 నాటికి ఆమె సొంత సీరియల్ 'ఆల్ మై చిల్డ్రన్'లో నాయిక చట్టబద్ధంగా గర్భస్రావం చేయించుకుంది. పదకొండేళ్లలో అంత దూరం.

ఈ పద్ధతి అమెరికా దాటి లాటిన్ అమెరికాకు సబ్బు కంపెనీల చంకనెక్కే వెళ్లింది. పెరూలో 1969లో వచ్చిన ఒక సీరియల్లో పనిమనిషి కుట్టుపని నేర్చుకుని పైకొస్తే, ఊళ్లల్లో ఆడపిల్లలు కుట్టు క్లాసులకు బారులు తీరారు. దాన్ని చూసిన మెక్సికో దర్శకుడు మిగెల్ సబీదో కుటుంబ నియంత్రణ, చదువు లాంటి సంగతులతో కావాలనే సీరియళ్లు తీశాడు. అవి చూసి వచ్చిన మన సమాచార శాఖ మంత్రి వసంత్ సాఠే చొరవతో 1984 జూలై 7న దూరదర్శన్‌లో 'హమ్ లోగ్' మొదలైంది. డబ్బు పెట్టింది మ్యాగీ నూడిల్స్. తెలుగింటి మధ్యాహ్నాలు 'ఋతురాగాలు' చుట్టూ తిరిగిన రోజులు ఆ తర్వాతివి.

'గైడింగ్ లైట్' 72 ఏళ్లు నడిచి 2009 సెప్టెంబరు 18న ముగిసింది. మరుసటి ఏడాది 'యాజ్ ద వరల్డ్ టర్న్స్' కూడా వెళ్లిపోయింది. ఆడవాళ్లు ఉద్యోగాలకు వెళ్లాక మధ్యాహ్నం ఇళ్లలో ఎవరున్నారు? ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ సీరియళ్ల వ్యాపారం వదిలేసింది, అంతా అయిపోయిందనే రాశారు. కానీ 2025 ఫిబ్రవరి 24న సీబీఎస్‌లో 'బియాండ్ ద గేట్స్' అని కొత్త పగటి సీరియల్ మొదలైంది. ఒక సంపన్న నల్లజాతి కుటుంబం కథ. నిర్మాణంలో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ ఉంది, దానితో పాటు ఎన్‌ఏఏసీపీ కూడా ఉంది.