రంగం అడుగున

ఉత్తరాంధ్రలో పాతవాళ్ళు రంగూన్‌ని "రంగం" అనేవారు. రంగం వెళ్ళినవాడు అక్కడ ఏం చేసేవాడని అడిగితే రేవులో మూటలు మోశాడనో, బియ్యం మిల్లులో పనిచేశాడనో, రిక్షా లాగాడనో చెబుతారు. ఇంకో పని ఉంది. దాని గురించి మనవాళ్ళు నోరు విప్పరు.

1852లో ఇంగ్లీషువాళ్ళు రంగూన్‌ని పట్టుకున్నాక, ఫ్రేజర్ అనే సైనిక ఇంజనీరు గళ్ళ నుడికారపు చీరలా తిన్నటి వీధులు గీశాడు. గీసింది చాలావరకు చిత్తడి నేల మీద. పోటు వస్తే నది నీళ్ళు ఎగదన్నుతాయి, కాస్త తవ్వితే ఊట. అలాంటి చోట మురుగు దానంతటది పారదు. కనుక ప్రతి ఇంటి వెనక సందులోనూ ఎవరో ఒకరు వచ్చి మలం ఎత్తుకుపోవాలి. ఆ ఎత్తినవాళ్ళలో పెద్ద పాలు మద్రాసు రాజధానినుంచి వెళ్ళిన తెలుగువాళ్ళు. ఊళ్ళో అంటరానివారుగా చూసిన కులాలవారే అందులో ఎక్కువ. సముద్రం దాటితే కులం పోతుందంటారు గానీ, ఈ కులం ఓడలో కూడా వెంట వచ్చింది.

ఆ తర్వాత యంత్రం వచ్చింది. వేల్స్‌లోని రెక్స్‌హామ్‌కు చెందిన ఐజాక్ షోన్ కనిపెట్టిన పద్ధతి అది. మురుగు వాలున పారి భూమిలో పాతిన ఇనప తొట్టిలో చేరుతుంది. తొట్టి నిండగానే లోపలి తేలుడు బుర్ర మీటని తిప్పుతుంది. కేంద్రంనుంచి గొట్టాల్లో వచ్చే ఒత్తిడిగాలి మురుగుని ముందుకి తోసేస్తుంది. 1890 నాటికి రంగూన్ నడిబొడ్డులో ఇది పనిచేస్తోంది. ఆసియాలో చాలా నగరాలకి అప్పటికి మురుగుగొట్టమే లేదు. కానీ తోసిన మురుగు చేరింది ఎక్కడికి? శుద్ధి లేకుండా, నదిలోకే. గొట్టాలు అందని పేటల్లో మాత్రం తట్ట, చీపురు మనవాళ్ళ చేతుల్లోనే ఉన్నాయి.

1931 జనాభా లెక్కల్లో రంగూన్‌లో సగానికి మించి భారతీయులే. వాళ్ళని బర్మావాళ్ళు "కోరంగీ" అనేవారు. గోదావరి మడ అడవుల పక్కన ఉన్న మన కోరంగి రేవు పేరే అది. ఊరి పేరు రానురాను తిట్టుగా మారింది. 1930 మేలో రేవులో తెలుగు కూలీల సమ్మె దగ్గర మొదలైన గొడవ వీధుల్లో ఊచకోతగా ముగిసింది.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. కూలీలు, పాకీపనివాళ్ళు ప్రోమ్ దారి పట్టారు. నగరం కొద్ది రోజుల్లోనే కుళ్ళిపోవడం మొదలుపెట్టింది. నగరజీవితం మొదలయ్యేది పాకీవాడి దగ్గరే అని అప్పటి గవర్నరు డోర్మన్-స్మిత్ గ్రహించింది ఆ రోజుల్లోనే. వాళ్ళు నగరంలో ఉన్నన్నాళ్ళూ ఆ మాట ఎవరికీ తోచలేదు. ఆ యేడాది, మరుసటి యేడాది కలిపి బర్మానుంచి ఇండియాకి సుమారు 5 లక్షలమంది బయల్దేరారని లెక్క. దారిలో పోయినవాళ్ళకి సరైన లెక్కే లేదు.

2005లో బోటాటౌంగ్‌లో శుద్ధికేంద్రం వచ్చింది. పాజుండౌంగ్ కాలువ నదిలో కలిసే కొస ఈ పేటలోనే ఉంది. నది అక్కణ్ణించి దిగువకి పోయి మొత్తమ సింధుశాఖలో పడుతుంది. ఆ తీరపు బురదమేటల్లో వలసపక్షులు దిగే భాగాన్ని 2017లో రామ్‌సార్ జాబితాలో చేర్చారు. కేంద్రం సామర్థ్యం రోజుకి సుమారు 1 కోటి 47 లక్షల లీటర్లు. మురుగులోకి గాలి ఎక్కించి, సూక్ష్మజీవులు మాలిన్యాన్ని తిన్నాక మడ్డిని అడుగున దించే పద్ధతి. నగర జనాభాలో పదోవంతుకి కూడా ఇది చాలదు. మిగతావారికి సెప్టిక్ ట్యాంకులే.

ఈ కేంద్రం గురించి ఇంజనీర్లు రాసిన కాగితాల్లో 1890 తప్పకుండా కనిపిస్తుంది. షోన్ పేరూ కనిపిస్తుంది. కొత్త కేంద్రానికి మురుగుని తోసిందీ ఆ పాత గాలితొట్ల వ్యవస్థే మరి.