2021–22 హైదరాబాద్ ఎఫ్‌సీ ఫుట్‌బాల్ సీజన్

హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్ (హైదరాబాద్ ఎఫ్‌సీ) 2021–22 ఇండియన్ సూపర్ లీగ్ పోటీలలో విజేతగా నిలిచింది. ఈ లీగ్‌ను ఒక తెలుగు నగరపు జట్టు గెలుచుకోవడం అదే మొదటిసారి. 2025లో ఈ క్లబ్ ఢిల్లీకి తరలిపోయింది గనుక ఈ లీగ్‌లో హైదరాబాద్ పేరు మీద అది సాధించిన టైటిల్ ఇదొక్కటే.

== నేపథ్యం ==

ఫుట్‌బాల్ హైదరాబాద్‌కు కొత్త కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం జట్టులో ఆడి, ఉపాధ్యాయుడిగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందిన భారత జట్టుకు కూడా రహీమే శిక్షకుడు. తరువాతి దశాబ్దాలలో ఆ వైభవం క్రమంగా అంతరించింది.

పూణే సిటీ క్లబ్ స్థానంలో 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఏర్పడింది. గచ్చిబౌలిలోని జి.ఎం.సి. బాలయోగి క్రీడా ప్రాంగణం అప్పట్లో దీని సొంత మైదానంగా ఉండేది. మొదటి సీజన్‌లో 18 ఆటలలో 10 పాయింట్లు మాత్రమే తెచ్చుకొని పట్టికలో అట్టడుగున నిలిచింది. తరువాత నియమితుడైన శిక్షకుడు ఆల్బర్ట్ రోకా సీజన్ మొదలు కాకముందే బార్సిలోనా క్లబ్‌కు వెళ్ళిపోవడంతో, 2020లో మరొక స్పెయిన్ దేశస్థుడు మనోలో మార్క్వెజ్ బాధ్యతలు స్వీకరించాడు. ఆ ఏడు జట్టు ఐదవ స్థానానికి చేరింది.

== లీగ్ దశ ==

కోవిడ్ కారణంగా 2021–22 సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది. అందువలన టైటిల్ గెలిచిన జట్టు తన సొంత ఊరిలో ఒక్క ఆట కూడా ఆడలేదు! మొదటి ఆటలో చెన్నైయిన్ చేతిలో 0–1 తేడాతో ఓడినా, తరువాత ముంబై సిటీని 3–1తో, నార్త్‌ఈస్ట్ యునైటెడ్‌ను 5–1తో, ఒడిశాను 6–1తో ఓడించింది. ఈ విజయాలకు ప్రధాన కారకుడు నైజీరియాకు చెందిన బార్తలోమ్యూ ఒగ్బెచే. 2002 ప్రపంచ కప్‌లో ఆడినప్పుడు అతనికి 17 ఏళ్ళు. ఈ సీజన్ నాటికి 37. మొత్తం 18 గోల్స్‌తో గోల్డెన్ బూట్ పొందడమే కాక, అప్పటి వరకు లీగ్‌లో అత్యధిక గోల్స్ చేసిన ఆటగాడిగా కోరోను అధిగమించాడు.

20 ఆటలలో 11 గెలిచి, 5 డ్రా చేసుకొని, 4 ఓడి, 38 పాయింట్లతో హైదరాబాద్ రెండవ స్థానంలో నిలిచింది. 43 పాయింట్లు సాధించిన జంషెడ్‌పూర్‌కు లీగ్ షీల్డ్ దక్కింది. సెమీఫైనల్‌లో ఏటీకే మోహన్ బగాన్‌పై మొదటి ఆట 3–1తో గెలిచి, రెండవది 0–1తో ఓడి, మొత్తం మీద 3–2తో ఫైనల్ చేరింది.

== ఫైనల్ ==

2022 మార్చి 20న ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్ జరిగింది. రెండు జట్ల రంగూ పసుపే. ఆ రోజు పసుపు దుస్తులు హైదరాబాద్‌కు దక్కాయి. గ్యాలరీలలోని పసుపు మాత్రం చాలావరకు కేరళ అభిమానులదే.

68వ నిమిషంలో కె.పి. రాహుల్ గోల్‌తో కేరళ ముందంజ వేసింది. బదులు ఆటగాడిగా దిగిన సాహిల్ తవోరా 88వ నిమిషంలో దూరం నుండి కొట్టిన బంతి గోల్‌లోకి దూసుకుపోయి స్కోరు సమమైంది. అదనపు సమయంలోనూ ఫలితం తేలలేదు. పెనాల్టీలలో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి ముగ్గురి ప్రయత్నాలను అడ్డుకున్నాడు. వారిలో నిషు కుమార్‌కు రెండవ అవకాశం ఇచ్చినా, దానినీ ఆపాడు. హాలిచరణ్ నర్జారీ చివరి పెనాల్టీతో హైదరాబాద్ 3–1తో గెలిచింది.

కట్టిమణి గోవా వాడు. 2015 ఫైనల్‌లో ఇదే మైదానంలో ఎఫ్‌సీ గోవాకు గోల్‌కీపర్‌గా ఉన్నాడు. ఆట ముగియబోతుండగా అతని స్వంత గోల్‌తో స్కోరు సమమై, వెంటనే మరో గోల్ పడి చెన్నైయిన్ గెలిచింది.

== తరువాతి కాలం ==

2022–23లో కూడా జట్టు రెండవ స్థానంలో నిలిచి, సెమీఫైనల్‌లో పెనాల్టీలపై ఓడింది. మార్క్వెజ్ 2023లో గోవా జట్టుకు వెళ్ళాడు. చెల్లింపుల బకాయిల వలన ఫిఫా కొత్త ఆటగాళ్ళ నమోదుపై నిషేధం విధించింది. విదేశీ ఆటగాళ్ళతో పాటు పలువురు భారతీయులు కూడా జట్టును వీడారు. 2023–24లో తంగ్‌బోయ్ సింగ్తో శిక్షణలో ఎక్కువగా యువకులతోనే ఆడిన జట్టు ఒకే ఒక్క విజయంతో, 8 పాయింట్లతో చివరి స్థానం పొందింది. యాజమాన్యం మారిన తరువాత 2025లో క్లబ్ ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుంది.